మొక్కు లేని ప్రయాణం

మొన్న కార్తీకంలో మేం నలుగురం ఆడవాళ్లం హనమకొండ నించి మేడారం దాకా కిరాయి కారులో వెళ్లొచ్చాం. పొద్దున ఆరింటికి బయల్దేరి ఖిలా వరంగల్, రామప్ప, గణపురం కోటగుళ్లు, లక్నవరం చెరువు, తాడ్వాయి అడవి, మేడారం చూసుకుని రాత్రి తొమ్మిదిన్నరకి ఇళ్లు చేరాం. ఎలా ఉందని అడిగినవాళ్లకి నేను సరిగ్గా చెప్పలేకపోయాను. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా ఎవరో ఎప్పుడో రాసేసిన వాక్యాలే బయటికొచ్చాయి. పచ్చచీర కట్టిన కొండలు, వయ్యారంగా మెలికలు తిరిగే రోడ్డు, శిల్పి చేతిలో ప్రాణం పోసుకున్న సుందరాంగులు. ఇరవై రెండేళ్లుగా యాత్రాసాహిత్యం పాఠం చెబుతున్నదాన్ని. నా నోట్లో ఉన్న భాష నాది కాదని ఇంత ఆలస్యంగా తెలిసింది. అందుకే ఈ వ్యాసంలో ప్రయాణం కొంచెమే ఉంటుంది, ఆ భాషతో నా పేచీ ఎక్కువ ఉంటుంది.

వరంగల్ వాళ్లకి ములుగు రోడ్డు తెలియనిది కాదు. చెలకలు, పత్తిచేలు, చెరువుకట్టలు దాటుతూ పోతుంటే ములుగు దగ్గర గుట్టలు మొదలవుతాయి. పస్రా దాటాక అడవి రెండువైపులా దగ్గరికొస్తుంది. అదే రోడ్డు ఏటూరునాగారం మీదుగా గోదావరి దాటి ఛత్తీస్‌గఢ్‌లోకి వెళ్తుంది. జాతీయ రహదారి 163 అని బోర్డులుంటాయి గానీ మా ఇళ్లల్లో దాని పేరు మేడారం తొవ్వ. ఆదివారం అనుబంధాల్లో ఈ దారి మీద వచ్చిన వ్యాసాలు నా దగ్గర ఒక ఫైలు నిండా ఉన్నాయి, పిల్లలకి చూపించడానికని దాచాను. బయల్దేరే ముందు రాత్రి అన్నీ వరసగా చదివాను. దాదాపు అన్నింట్లోనూ కొండ ఆడది, అడవి ఆడది, వాగు పడుచు. కొండకి చీర కట్టేశాక ఆ కొండెక్కి తునికాకు కోసుకొచ్చే ఆడమనిషికి వాక్యంలో చోటెక్కడ? ఆమె కనిపించినా 'అమాయకమైన గిరిజన స్త్రీలు' అనే ఒక్క మాటతో సరి. రాసేవాడు కారు దిగి కొండని చూస్తాడు, మళ్లీ ఎక్కుతాడు. దిగడానికి ఎవరినీ అడగనక్కర్లేదు కాబట్టి, తను దిగాడన్న సంగతి కూడా అతనికి గుర్తుండదు.

ఖిలా వరంగల్‌లో నాలుగు కీర్తితోరణాల మధ్య పొద్దుటి ఎండలో నడిచాం. అప్పటికే ఒక స్కూలు బస్సు వచ్చి ఉంది. గైడు పిల్లలకి రుద్రమ కథ చెబుతున్నాడు. గణపతిదేవుడికి కొడుకుల్లేరు, కూతుర్ని మగపిల్లాడిలా పెంచాడు, మగవాళ్లకి దీటుగా కత్తి తిప్పింది. 2015లో వచ్చిన 'రుద్రమదేవి' సినిమా చూసిన పిల్లలకి అదంతా ముందే తెలుసు, వంతపాడుతున్నారు. శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అన్న మాట నిజమే. దాని మీద చరిత్రకారిణి సింథియా టాల్‌బట్ చేసిన ఆలోచన నాకు నచ్చుతుంది. రాజు అనేది అప్పటికి మగ ముద్ర ఉన్న పదవి, ఆ పదవిలో కూచున్నవాళ్లు ఆ పేరూ ఆ ఆహార్యమూ ధరించాలి, కాబట్టి ఇది ఆమె స్వభావం సంగతి కాదు, సింహాసనం సంగతి అని. మన నవలలూ సినిమాలూ ఈ సంగతిని తిరగేశాయి. సింహాసనం మగది ఎందుకయిందని అడగకుండా, ఆమె ఎంత మగతనం చూపించిందో కొలిచి మార్కులేశాయి. ఆమె రాజ్యపు ఓడరేవు మోటుపల్లి గురించి రాసిన మార్కోపోలో ఇంకో పొరపాటు చేశాడు. రాణి ఏలుతోందంటే భర్త చనిపోయిన విధవ అయి ఉంటుందనుకున్నాడు. ఆమె తండ్రి నించి రాజ్యం తీసుకున్న కూతురని అతనికి తోచలేదు. ఏడువందల ఏళ్లు దాటాయి, ఆడది ఒంటరిగా ఎక్కడైనా కనిపిస్తే దాని వెనక మగవాడి చావో లోటో వెతికే అలవాటు పోలేదు. మా కారు డ్రైవరు కూడా, మంచి పిల్లవాడే, మొదటి పది కిలోమీటర్లలోనే అడిగాడు: "సార్లు ఎవలు రాలేదా మేడం?"

ఇక్కడొక చిన్న విషయం. నలుగురిలో ముగ్గురం పొద్దుట్నించీ నీళ్లు తాగలేదు. ఒకరికొకరం చెప్పుకోలేదు కూడా. ములుగు దగ్గర పెట్రోలు బంకు కనిపించినప్పుడు మా వదిన నవ్వేసి, "ఎవలకన్న పోవాల్నా?" అంటే అందరం ఒక్కసారి దిగాం. తాళం వేసుంది. తాళంచెవి ఉన్న మనిషి టీకి వెళ్లాడు. నా ఫైల్లో ఉన్న అన్ని వ్యాసాల్లో జలపాతాలున్నాయి గానీ ఈ నీళ్ల గొడవ ఒక్కదాంట్లోనూ లేదు.

ములుగు రాకముందే గుట్ట పక్కన గట్టమ్మ గుడి వస్తుంది. మేడారం పోయేవాళ్లు తొలి మొక్కు ఆమెకి చెల్లించి, కొబ్బరికాయ కొట్టి ముందుకి పోతారు. డ్రైవరు వేగం తగ్గించి, "ఆపాల్నా మేడం?" అన్నాడు. ఎండ ఎక్కకముందే రామప్ప చేరాలని మా తొందర. వద్దులే తమ్ముడూ, పోనీ అన్నాను.

రామప్ప గురించి రాయడం కష్టం. ఆ గుడి ముందు నోరు మూసుకుని నిలబడాలనిపిస్తుంది. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు, శాసనం అక్కడే ఉంది. దేవుడు రుద్రేశ్వరుడు. సేనాని పేరూ దేవుడి పేరూ శాసనంలో ఉండగా గుడికి మాత్రం జనం నోట్లో శిల్పిదని చెప్పే పేరు నిలిచింది. పునాదిలో ఇసుక నింపిన పద్ధతి, నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకల శిఖరం, అద్దంలా మెరిసే నల్లరాయి. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కాక బస్సులు పెరిగాయి, గైడుల గొంతులూ పెరిగాయి.

పైకప్పు అంచు కింద కోణంగా నిలబెట్టిన ఆడ శిల్పాలున్నాయి, మదనికలు అంటారు. మేం వెళ్లినప్పుడు ఒక గైడు పొడుగాటి కర్ర పట్టుకుని ఒక్కొక్కరినీ చూపిస్తున్నాడు. నడుము చూడండి, ఒంపు చూడండి, ఇప్పటి హీరోయిన్లు పనికిరారు. కర్ర కొస ఎక్కడెక్కడ ఆగుతోందో చూస్తే చాలు, మన శిల్పవర్ణనల పరంపర మొత్తం అర్థమవుతుంది. తర్వాత ఒక మదనిక కాళ్లు చూపించాడు. మడమ ఎత్తుగా ఉన్న పాదరక్షలు. "ఎనిమిదొందల ఏండ్ల కిందనే హైహీల్స్!" అందరూ నవ్వారు, మేమూ నవ్వాం. సెల్‌ఫోన్లన్నీ ఆ కాళ్ల వైపు లేచాయి.

నవ్వు అయిపోయాక మా కవయిత్రి మిత్రురాలు మెల్లిగా, "చెప్పులేసుకుని ఎటు పోతోందబ్బా?" అంది. నేను ఆ గుడికి కనీసం పదిహేనుసార్లు వెళ్లాను. ఆ ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఆమెని వేటకత్తె అనేవాళ్లున్నారు. వేటకయితే అడవిలోకే పోవాలి, ముళ్లుంటాయి, చెప్పులు కావాలి. అంటే రామప్ప చూరు కింద ఒక ప్రయాణిస్తున్న స్త్రీ ఉంది. శిల్పి ఆమె కాళ్లకి నడవడానికి పనికొచ్చే వస్తువు తొడిగాడు. మనం దాన్ని ఫ్యాషన్ అనుకున్నాం. ఆడదాని ఒంటి మీద ఏమున్నా అది చూసేవాళ్ల కోసమే అయి ఉంటుందన్న నమ్మకం లేకపోతే ఈ పొరపాటు జరగదు. ఆమెని చెక్కినవాడి మనసులో ఏముందో నేను చెప్పబోవడం లేదు. మన చూపులో ఏముందో మాత్రం ఆ చెప్పులు చెబుతున్నాయి.

లోపల స్తంభాల మీద ఆడేవాళ్లూ మద్దెల వాయించేవాళ్లూ ఉన్నారు. ఆడవాళ్లే మద్దెలలు మోసి వాయిస్తున్న బొమ్మలు చూస్తే నాకు ఎప్పుడూ చెయ్యి అటు పోతుంది. గణపతిదేవుడి గజసాహిణి జాయప సేనాని 1253-54 ప్రాంతంలో సంస్కృతంలో 'నృత్తరత్నావళి' రాశాడు. ఆ గ్రంథాన్నీ ఈ శిల్పాలనీ ఆధారం చేసుకుని నటరాజ రామకృష్ణ గారు మరుగునపడ్డ పేరిణిని తిరిగి నిలబెట్టారు. అది చిన్న పని కాదు. గుడిలో పేరిణి ఆడే మగవాళ్ల బొమ్మలూ ఉన్నాయి, కాదనను. కానీ పేరిణి శివతాండవం వేదిక మీదికి వీరుల నాట్యంగా, మగవాళ్ల నాట్యంగా వచ్చింది. ఆడవాళ్ల పేరిణి తర్వాతి మాటయింది. అదే రామకృష్ణ గారు దేవదాసీ స్త్రీల దగ్గర కూచుని వాళ్ల అభినయాన్ని ఆంధ్రనాట్యంగా పైకి తెచ్చారన్నదీ మర్చిపోకూడదు. నాకు ముల్లులా తగిలే సంగతి వేరే ఉంది. కాకతీయుల కాలపు శాసనాల్లో పేరు చివర 'సాని' అని ఉన్న గుడి స్త్రీలు దానాలు తీసుకునేవాళ్లుగానే కాదు, దానాలు ఇచ్చినవాళ్లుగా కూడా కనిపిస్తారు. అఖండదీపాలు పెట్టించారు. చేతిలో సొమ్ము ఉండి, ఆ సొమ్ము మీద నిర్ణయం ఉండి, రాతి మీద పేరు ఉన్న ఆడవాళ్లు. రామప్ప గురించి రాసిన తెలుగు వ్యాసకర్తలు స్తంభం మీది నర్తకిని మాత్రమే చూశారు. ఆమె వృత్తిలో ఉన్న మనిషి, ఆమెకి లెక్కలుంటాయి అన్న ఊహే ఆ వర్ణనల్లో లేదు.

కోటగుళ్లలో ఎక్కువసేపు ఆగలేదు. ఇరవై పైగా గుళ్లున్న ఆవరణ, సగం కూలింది, గైడు లేడు. గైడు లేకపోవడం ఎంత హాయో అక్కడ తెలిసింది. లక్నవరం వేలాడే వంతెన మీద అందరం ఫోటోలు దిగాం. మా వదిన వంతెన మధ్యలో రెయిలింగు పట్టుకుని ఊపింది, అరవై రెండేళ్ల మనిషి. కాకతీయుల చెరువు గురించి నా దగ్గరున్న ఉపన్యాసం ఆ ఊపుకి కడుపులోనే ఉండిపోయింది.

తాడ్వాయి దగ్గర బాటనీ లెక్చరరు మిత్రురాలు కారు ఆపించింది. "ఈడ ఏం లేదు మేడం, అడివే," అన్నాడు డ్రైవరు. ఏమీ లేకపోవడమే ఆమె చూడాలనుకున్నది. 2024 ఆగస్టు చివర ఒక్క గాలివాన ఈ అడవిలో వేల చెట్లని వేళ్లతో సహా పడగొట్టింది. చూసినవాళ్లు నమ్మలేకపోయారు. పడిన చెట్ల మధ్య మళ్లీ ఏం మొలుస్తోందో ఆమె ఒంగి ఒంగి చూసింది, పేర్లు చెప్పింది, వేళ్లు లోతుకి దిగని నేలల గురించి చెప్పింది. పచ్చచీర కట్టిన కొండలు అన్న వాక్యంలో ఇదేదీ పట్టదు. చీర చిరిగిందని రాస్తారేమో.

ఇక మేడారం. ఇక్కడ నా మాట తడబడుతుంది, కారణం మా అమ్మ.

1980 వానాకాలంలో నాకు అయిదేళ్లప్పుడు కామెర్లు వచ్చి తగ్గకుండా పీడించాయి. అమ్మ సమ్మక్కకి మొక్కుకుంది, పిల్ల బతికితే నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లం, వరంగల్ ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. 1982 జాతరకి పరకాల దగ్గర మా ఊరి నించి మూడు ఎడ్లబండ్లు కట్టుకుని పోయారు. నన్ను తక్కెడలో కూచోబెడితే పదిహేడు కిలోల బెల్లం తూగానట. ఆ బెల్లం ముద్ద మా అమ్మ తలమీద పెట్టుకుని గద్దెల దాకా మోసింది.

రామప్పలో ఆడదాని ఒళ్లు నడుముతో కొలిచారు. ఇంకొంత దూరం ముందుకి పోతే ఇక్కడ అదే ఒంటిని బెల్లంతో తూస్తారు. తక్కెడకి ఒంపు అక్కర్లేదు, రంగు అక్కర్లేదు, ఆడో మగో అక్కర్లేదు. బతికిందా, ఎంత బరువుంది, అంతే. ఈ రెండు కొలతలూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. మన సౌందర్యశాస్త్రం మొదటిదాన్ని కళ అంది, రెండోదాన్ని మూఢనమ్మకం అంది. నేను కూడా ఎమ్మే చదివే రోజుల్లో అమ్మతో అదే అన్నాను.

మేడారంలో చూడ్డానికి విగ్రహం లేదు. గద్దెలు, వెదురు, పసుపు కుంకుమలు. రెండేళ్లకోసారి మాఘ పున్నమికి సారలమ్మని కన్నెపల్లి నించి, సమ్మక్కని చిలకలగుట్ట నించి కోయ పూజారులు తీసుకొస్తారు. కరువులో కప్పం కట్టలేదని ప్రతాపరుద్రుడి సైన్యం కోయల మీద పడిందని, పగిడిద్దరాజు, సారలమ్మ, నాగులమ్మ, గోవిందరాజు చనిపోయారని, జంపన్న సంపెంగ వాగులో పడి ప్రాణం విడిస్తే అది జంపన్నవాగు అయిందని, వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు పోయి మాయమైందని, అక్కడ కుంకుమభరిణె దొరికిందని కథ. రాజుల శాసనాల్లో ఈ యుద్ధం వెతికితే కనిపించదు. కోయ డోలీలు పడిగెలు విప్పి పాడే కథల్లో ఉంటుంది. ప్రతాపరుద్రుడెవరు? రుద్రమ కూతురి కొడుకు, 1289లో ఆమె తర్వాత సింహాసనం ఎక్కినవాడు. పొద్దున కోటలో మేం చప్పట్లు కొట్టింది అమ్మమ్మకి, సాయంత్రం దండం పెట్టింది ఆమె మనవడి సైన్యం చంపిన వాళ్లకి. ఒక్క రోజు ప్యాకేజీలో ఇద్దరూ 'ఓరుగల్లు వీరనారీమణులే'. ఒకరి రాజ్యానికి ఇంకొకరు కప్పం కట్టాల్సి వచ్చిందన్న సంగతిని దారిలో ఏ బోర్డూ చెప్పదు.

మన స్త్రీవాద కవిత్వం మాత్రం తక్కువ తిన్నదా? రుద్రమ, సమ్మక్క, సారక్క, చాకలి ఐలమ్మ అని ఒకే ఊపిరిలో పేర్లు చదివిన కవితలు ఎన్ని రాలేదు? నేనూ ఒకటి రాశాను, ఒక సంకలనంలో వచ్చింది కూడా. ఆ వరసలో రాణికీ, రాణి వంశం చంపిన మనిషికీ మధ్య ఒక కామా మాత్రమే పెట్టాను. కోయ ఆడవాళ్లు ఆ కామా దగ్గర ఏమంటారో అడగాలని తోచలేదు. 2023 డిసెంబరులో పార్లమెంటు ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. అక్కడ చదివే పిల్ల ఎవరైనా మా కవితల మీద విమర్శ రాస్తే ముందు నా కామా దగ్గరే ఆగాలని నా కోరిక.

గద్దెల బయట చెట్టు కింద తేనె సీసాలూ ఎండిన ఇప్పపువ్వూ పెట్టుకుని ఒక ముసలమ్మ కూచునుంది. తేనె కొంటుంటే అడిగింది.

"ఏం మొక్కున్నవు బిడ్డా?"

"ఏం లేదవ్వా. ఊకెనే, చూసి పోదామని వచ్చినం."

"ఊకెనే ఎవలొస్తరు?" అని సీసా మూత బిగించి నా చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో ఈ మాట నన్ను వదల్లేదు. మొక్కు అనేది మా అమ్మ తరం ఆడవాళ్లకి గడప దాటే చీటీ. పిల్ల జబ్బు కావాలి, మగడి బాకీ కావాలి, గొడ్డు చూలు నిలవకపోవాలి. అప్పుడు మూడు రోజులు ఇల్లు వదిలి, బండి మీద, పదిమంది ఆడవాళ్లతో, వాగు ఒడ్డున వండుకుంటూ, పాడుకుంటూ, సిగమూగుతూ పోవచ్చు, ఎవరూ అడ్డం చెప్పరు. మన యాత్రాసాహిత్య చరిత్రలో ఈ ప్రయాణాలకి పేజీ లేదు. నా సిలబస్‌లో ఏనుగుల వీరాస్వామయ్య ఉన్నాడు. 1830-31లో చెన్నపట్నం నించి కాశీకి కుటుంబపు స్త్రీలు కూడా ఉన్న పెద్ద పరివారంతో పోయొచ్చాడు, 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. ఆ ఆడవాళ్లకి ఏమనిపించిందో మనకి తెలియదు. ఆడవాళ్ల యాత్రారచన అంటే నాయని కృష్ణకుమారి గారి 'కాశ్మీర దీపకళిక' పేరు చెప్పి ముందుకి పోతాను, పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్న.

ఇన్నేళ్ల తర్వాత ఈ మధ్యే అమ్మని కూచోబెట్టి 1982 ప్రయాణం చెప్పించుకున్నాను. ఆమె కథలో దృశ్యం లేదు. ఏ ఊరి బావి ఉప్పు, ఏ వాగు దగ్గర కట్టెలు దొరికాయి, ఏ రైతు చెలకలో ఎడ్లని విప్పనిచ్చాడు, ఎవరి బండి ఇరుసు విరిగితే ఎవరి పిల్లలు ఎవరి బండెక్కారు, రాత్రి బహిర్భూమికి ఎంతమంది కలిసి పోయారు. ఇదంతా రాసుకుంటుంటే ఎక్కడో చదివినట్టుందే అనిపించింది. వీరాస్వామయ్య! ఆయన కూడా మజిలీ మజిలీకీ అదే రాస్తాడు, నీళ్లున్నాయా, అంగళ్లున్నాయా, దారి ఎలాంటిది. దారిలో బతకాల్సినవాళ్ల రాత అది. నూటయాభై ఏళ్ల తేడా ఉన్నా మా అమ్మా ఆయనా ఒకే బడి. ఆ బడి నించి తప్పిపోయింది మధ్యలో వచ్చిన మేమే, కారు అద్దంలోంచి కొండకి చీర కట్టినవాళ్లం. మా అమ్మ చెప్పింది సాహిత్యమా అని సిలబస్ కమిటీలో అడుగుతారు, తెలుసు. వీరాస్వామయ్యది ఎందుకయిందో ముందు వాళ్లు చెప్పాలి.

ఒక్క చిక్కు మాత్రం నాకింకా తెగలేదు. మొక్కు చీటీ లేకుండా పోయే హక్కు కోసమే కదా మనం ఇన్నాళ్లు రాసింది, కొట్లాడింది. ఆ రోజు మేం నలుగురం వాడుకున్నది ఆ హక్కునే. కానీ ముసలమ్మ అడిగినప్పుడు ఊకెనే అనడానికి నాకు సిగ్గేసింది. మా అమ్మకి ఆ సిగ్గు లేదు, ఆమె చేతిలో పదిహేడు కిలోల కారణం ఉంది. అబద్ధమైనా ఒక మొక్కు చెప్పేస్తే పోయేది అని వదిన అంది. కవయిత్రి ఒప్పుకోలేదు, ఊకెనే అన్నదే సరైన జవాబు, ఆమెకి అలవాటు కావాలి అంది. మల్లంపల్లి దాటేదాకా వాళ్లిద్దరూ వాదించుకుంటూనే ఉన్నారు.

గట్టమ్మ గుడి అప్పటికే వెనకబడిపోయింది, చీకట్లో మేమెవరం చూసుకోలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేశాను. డెబ్బై ఎనిమిదేళ్లు, మోకాళ్ల నొప్పి, ఎక్కడికీ రాలేదు.

"గట్టమ్మ కాడ దిగిన్రా?"

"లేదమ్మా, టైము లేకుండె."

"పోయేటప్పుడు లేదు, వచ్చేటప్పుడు లేదు?"

"లేదు."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మేడారంల బంగారం కిలో ఎంతున్నదే?" అంది. నేను ధర అడగలేదు.